పురుగుల ఆఫీసు

మా ఆయన హెబ్రోను ఎమ్మెస్సీ ప్యాసై, రాళ్లలోంచి రాగి తీసే సూక్ష్మజీవుల్ని పెంచే ఉద్యోగంలో చేరినప్పుడు, మా అత్త మగ్దలీనమ్మ ఆ సంగతి నెల్లూరులో ఎవరికీ చెప్పనివ్వలేదు. చర్చిలో ఎవరైనా అడిగితే "గవర్నమెంటు ఉద్యోగం" అని మాట తప్పించేది. బర్రెల్ని మేపేవాడికీ, కోళ్లను పెంచేవాడికీ లోకంలో ఓ మర్యాద ఉందిగాని, కంటికి కనపడని పురుగుల్ని సాకేవాడికి ఏం మర్యాద ఉంటుందని ఆవిడ దిగులు. నాకు మాత్రం ఆ దిగులు లేదు. కొత్తగా పెళ్లయినదాన్ని, మొగుడు ఏం చెప్పినా కళ్లింతలు చేసుకుని వినే రోజులు.

ఆయన చెప్పింది ఇదీ. పాత రాగి గనుల దగ్గర పనికిరావని పారేసిన రాళ్లలో కూడా ఇంకా కాస్త రాగి మిగిలి ఉంటుంది. కొలిమిలో కరిగించి తీద్దామంటే వచ్చే రాగికన్నా కాలే బొగ్గే ఎక్కువ. అయితే ఆ గనుల్లో ఊరే పుల్లటి నీళ్లలో ఒక రకం సూక్ష్మజీవులుంటాయి. వాటి తిండి రాళ్లలోని ఇనుము, గంధకం. రాళ్లను కుప్పపోసి, ఆ జీవులున్న నీళ్లు పైనుంచి చల్లుతూ ఉంటే, అవి తమ తిండి తాము తింటూ నీళ్లను ఇంకా పుల్లగా చేస్తాయి. ఆ పులుపుకు రాగి కరిగి నీళ్లు నీలంగా కిందికి దిగుతాయి. ఆ నీళ్లను పాత ఇనుప ముక్కల మీదుగా పారిస్తే ఇనుము కరిగిపోయి, రాగి ఎర్రటి పొడిగా అడుగున చేరుతుంది. పాలు తోడుపెట్టి పక్కన పెట్టినట్టే, పని అవే చేసుకుంటాయి. మనం చేయాల్సిందల్లా వాటి జోలికి పోకుండా ఊరుకోవడం. ప్రభుత్వ శాఖకు అన్నిటికన్నా కష్టమైన పని అదేనని అప్పటికి ఆయనకు తెలియదు.

చైనా యుద్ధం ముగిసిన కొత్త అది. దేశంలో రాగి లేదు, బయటినుంచి తెచ్చుకుందామంటే విదేశీ మారకద్రవ్యం లేదు. అందుకని ఓ శాఖవారు ఈ పురుగుల పథకానికి ఒప్పుకున్నారు. శాఖ పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడెవరికీ గుర్తుండదు.

గనులున్నది జిల్లాకు పడమటి కొండల్లో. రాళ్లు అక్కడే ఉన్నాయి, ఆ పుల్లటి నీళ్లూ అక్కడే ఉన్నాయి, చుట్టుపక్కల మనిషి జాడ లేదు. పథకం అక్కడే పెట్టాలని మా ఆయన రాశారు. అంత సులువైన మాట నమ్మేస్తే డైరెక్టరు పదవికి విలువేముంటుంది? డైరెక్టరు జయరామయ్య గారు స్థల నిర్ణయానికి ఓ కమిటీ వేశారు. కమిటీ కొండలకు వెళ్లిన రోజు మధ్యాహ్నం అక్కడ దొరికింది సద్దన్నం, పచ్చిమిరపకాయ. మర్నాడు కోవూరు దాటి తూర్పుగా సముద్రపు ఒడ్డుకొచ్చారు. అక్కడి ట్రావెలర్స్ బంగళా వరండాలో మామిడికాయ వేసిన వంజరం పులుసు, రొయ్యల వేపుడు పెట్టారు. సాయంత్రానికల్లా కమిటీ ఏకగ్రీవమైంది. ఈ పథకానికి సముద్రతీరమే అన్ని విధాలా అనుకూలమనీ, ముఖ్యంగా నీటి వసతి అపారంగా ఉందనీ రిపోర్టు రాశారు.

"సార్, ఉప్పునీళ్లలో అవి బతకవు," అన్నారు మా ఆయన.

"అయితే మంచినీళ్లు వాడు. ఒడ్డున మంచినీళ్లు లేకుండా జనం బతుకుతున్నారా ఏం?" అన్నారు జయరామయ్య గారు.

జనం బతుకుతున్నమాట నిజమే. మాకు ఇల్లిచ్చిన చోటికి పక్కనే పట్టపువాళ్ల పాళెం. సముద్రంలో వేట వాళ్ల బతుకు. ఇసక దిబ్బల మధ్య వాళ్లకో దొరువు ఉంది. దొరువంటే బావి కాదు. ఇసకలో మనిషి లోతున తవ్విన గుంట. వానకు దిబ్బల్లో ఇంకిన నీళ్లు అందులో ఊరతాయి. నాలుగడుగులు అటు తవ్వితే ఉప్పు, ఇటు తవ్వితే ఉప్పు, ఆ గుంటలో మాత్రం కొబ్బరి నీళ్లంత తీపి. పాళెం ఆడవాళ్లంతా తెల్లారేసరికి బిందెలతో అక్కడ కూర్చుని, అడుగున ఊరిన నీళ్లను కొబ్బరి చిప్పతో తోడుకునేవాళ్లు. చిప్పతో తప్ప ముంచకూడదని కట్టుబాటు. ముంతతో ముంచితే ఊట చెదిరి కింద ఉన్న ఉప్పు పైకొస్తుందట.

ఆ దొరువు మొదట తవ్వినవాడి మనవడి పెళ్లాం కామమ్మ. మొగుడు వేటకు పోతే, ఆమె ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. నేను అక్కడి బడిలో పంతులమ్మగా చేరిన రోజునుంచీ మా ఇంటికి బిందెడు నీళ్లు ఆమే తెచ్చిపోసేది. పథకానికి కూడా కాసిని నీళ్లు కావాలని చెబితే ఒక్క మాట అడ్డం చెప్పలేదు.

"తీసుకోమను టీచరమ్మా. కంటికి కనపడని పురుగులంట గదా. అవి ఎంత తాగతాయి గనక?"

అలా మొదలైంది మా పురుగుల ఆఫీసు. కొండలనుంచి లారీల మీద రాళ్లొచ్చాయి. కుప్పలు పోశారు. కుప్పల కింద నీళ్లు చేరడానికి ఓ మడుగు తవ్వారు. మడుగు అడుగున సిమెంటు, తారు వేయాలని మా ఆయన అంచనా పంపితే, పై ఆఫీసువారు ఆ రెండూ కొట్టేసి, ఆ డబ్బుతో గేటు దగ్గర ఓ కమాను కట్టించారు. మడుగులో నీళ్లు ఇసకలోకి దిగుతాయని ఆయన మళ్లీ రాశారు. "ఇసక సహజంగానే నీటిని పీల్చుకొనును గనుక మడుగు పొంగిపోవునను భయము లేదు" అని జవాబొచ్చింది.

ఓసారి జయరామయ్య గారు తనిఖీకొచ్చి, ఈ పురుగులు ఎలా పెరుగుతాయని అడిగారు.

"పరిస్థితి అనుకూలిస్తే పూటపూటకీ రెట్టింపవుతాయి సార్," అన్నారు మా ఆయన ఉత్సాహంగా.

జయరామయ్య గారి మొహం వాడిపోయింది. "పూటపూటకా? ఒక పక్క ప్రభుత్వం కుటుంబ నియంత్రణ అని గోడగోడకీ రాయిస్తోందయ్యా. మన ఆఫీసులోనే ఇట్లా జరుగుతోందని తెలిస్తే ఏమన్నా ఉందా? ఆ ముక్క రిపోర్టులో రాయకు."

ఇంకోసారి, పథకంలో పనిచేస్తున్న జీవుల హాజరు వివరాలు పంపమని హైదరాబాదునుంచి తాఖీదొచ్చింది. దానికేం రాయాలని మా ఆయన తల పట్టుకుంటే, గుమాస్తా రమణయ్య నింపాదిగా "అందరూ హాజరు" అని రాసి పంపేశాడు. పైవాళ్లు తృప్తిపడ్డారు. మళ్లీ అడగలేదు.

ఇంత గోలలోనూ ఆ జీవులు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. మొదట కుప్పలు తుప్పు రంగుకు తిరిగాయి. తర్వాత ఓ రోజు మా ఆయన బడి దగ్గరకు పరుగున వచ్చి, పిల్లల ముందే నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు. మడుగులో నీళ్లు నెమలి మెడ రంగులో ఉన్నాయి. ఇనుప ముక్కల కింద ఎర్రటి పొడి. అది చిటికెడు తీసి నా అరచేతిలో పెట్టి "రాగి, కరుణా! ఎవరూ నిప్పు పెట్టలేదు, ఎవరూ సమ్మెట పట్టలేదు," అన్నారు. ఆయన కళ్లనిండా నీళ్లు. మా అత్తను పిలిచి చూపించాలనిపించింది.

ఆ సంతోషం కార్తీక మాసం వానలదాకానే నిలిచింది. ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. మడుగు పొంగింది. పొంగినవి పొంగగా, మిగిలినవి పై ఆఫీసువారు సెలవిచ్చినట్టే ఇసక పీల్చుకుంది. ఓ పొద్దున కామమ్మ బిందె తెచ్చి మా గడపలో దించింది. ముఖంలో నవ్వు లేదు.

"దొరువు పులిసిపోయింది టీచరమ్మా."

నేను గుక్కెడు నోట్లో పోసుకున్నాను. నిజంగానే పులుపు. వెనకాలే నాలుక మీద ఏదో లోహపు చేదు. "ఎప్పటి నీళ్లే అనుకోని తాగేసినారు పిలకాయలు. ఒకటే వాంతులు," అంది కామమ్మ. "అన్నం వండితే ముద్ద గొంతు దిగడంలే. ఇనప గరిటె నానేస్తే ఎర్రగా పూత పట్టింది. ఎల్లమ్మకు కోపమొచ్చిందని మావోళ్లు అంటా ఉండారు. నాకు మాత్రం మీ కుప్పల మీదే ఉండాది అనుమానం."

మా ఆయన పులుపు తగిలితే రంగు మారే కాగితం ముక్క ఒకటి ఆ బిందెలో ముంచి చూశారు. కాగితం ఎర్రబడింది. తర్వాత లేచి నిలబడి, ఎల్లమ్మ తల్లికి ఏ పాపమూ తెలియదని చెప్పారు.

"మా వల్లే. ఆ నీళ్లు తాగొద్దు. పిల్లలకు అసలు పట్టొద్దు."

ఆ రోజునుంచి పాళెం ఆడవాళ్లకు నీళ్లు ఉత్తరాన ఇంకో పాళెం దొరువు నుంచే. కాళ్లు కూరుకుపోయే ఇసకలో, మిట్టమధ్యాహ్నం దాకా నడక. అక్కడివాళ్లు మాత్రం ఎందుకూరుకుంటారు? వాళ్ల నీళ్లే వాళ్లకు చాలీచాలక. రోజూ జుట్లు పట్టుకునేదాకా వచ్చేది. కడుపుతో ఉన్న పిల్ల ఒకతి బిందెతో దిబ్బ మీదినుంచి జారిపడింది. నా బడిలో పిల్లలు సగానికి తగ్గారు, ఆడపిల్లలంతా నీళ్లకు పోతున్నారు. నాకైతే ఒళ్లు మండిపోయేది.

"కుప్పల మీద నీళ్లు చల్లే ఆ పంపు ఆపేయండి, ఇంకెందుకు?" అన్నాను మా ఆయనతో.

"పంపు ఆపినా అవి ఆగవు కరుణా. కాస్త తడి, కాస్త గాలి ఉంటే తింటూనే ఉంటాయి. వచ్చే వానకు మళ్లీ ఇంతే. కుప్పలన్నీ ఎత్తి దూరంగా తీసుకుపోవాలి. లేదా సున్నం కలిపి పులుపు విరిచి..." అక్కడ ఆగిపోయారు. చంపాలి అనే మాట ఆయన నోట రాలేదు.

పథకం వెంటనే ఆపి, కుప్పలు ఎత్తించమని రాశారు. జవాబు రాకపోతే నెల్లూరు వెళ్లి డైరెక్టరు గారి ఎదుట నిలబడ్డారు.

"మంత్రిగారు చూడటానికి వస్తుంటే ఆపడమేమిటయ్యా?" అన్నారట జయరామయ్య గారు. "అయినా పులుపేగా? మీ నెల్లూరు వాళ్లకు పులుసు లేనిదే ముద్ద దిగదు. చింతపండు ఖర్చు కలిసొచ్చిందనుకోమను."

ఆ మాట ఇంటికొచ్చి నాకు చెబుతుంటే మా ఆయన చేతులు వణికాయి. ఆయనకు కోపం రావడం నేను చూసింది అప్పుడే. అది కూడా చేతులదాకానే వచ్చింది.

సంక్రాంతి దాటాక మంత్రిగారి తేదీ ఖాయమైంది. మన దేశంలో పెద్దలు వస్తున్నారంటే ముందు వచ్చేది సున్నం. రోడ్డుకు రెండు వైపులా సున్నం గీత, చెట్ల మొదళ్లకు సున్నం, రాళ్లకు సున్నం, ఎక్కడ ఏది వాసనేస్తే అక్కడ బ్లీచింగు పౌడరు. బండ్ల మీద సున్నం దిగింది. పాళెం ఆడవాళ్లనే కూలికి పిలిచి ఊడవమన్నారు. ఏర్పాట్లు చూడటానికి జయరామయ్య గారు స్వయంగా వచ్చి, కుప్పల ముందు నిలబడి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"ఏమిటయ్యా ఈ అసహ్యం? ఎర్రగా, పచ్చగా, పుండు కారుతున్నట్టు. మంత్రిగారు అన్నం తిని వస్తారు. కుప్పలన్నిటికీ తెల్లగా సున్నం కొట్టించండి. ఆ మడుగులో కూడా నాలుగు బండ్లు గుమ్మరించండి, కంపు కొడుతోంది."

రమణయ్య చిత్తమన్నాడు. నేను బడి పిల్లల చేత స్వాగత గీతం పాడించడానికి వచ్చి అక్కడే ఉన్నాను. మా ఆయన నోరు తెరవడం చూశాను. సున్నం పడితే ఆ జీవుల్లో ఒక్కటీ మిగలదని ఆ చుట్టుపక్కల తెలిసిన మనుషులం ఇద్దరమే. ఆయన ఒక్క మాట అంటే చాలు, పథకం బతుకుతుంది. ఎదురుగా కామమ్మ చీపురుతో వంగి ఇసక ఊడుస్తోంది. ఇసకను ఊడవమన్నారు మరి. దాహానికి నోరు తడుపుకోవడానికి చింతగింజ చప్పరిస్తోంది.

"ఏమయ్యా, ఏదన్నా చెప్పాలా?" అని అడిగారు డైరెక్టరు గారు.

"ఏం లేదు సార్," అన్నారు మా ఆయన.

ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "నేను చెప్పి ఉండాల్సింది, అది నా ఉద్యోగ ధర్మం," అన్నారు. "చెప్పకపోవడమే ధర్మం, తినండి," అని కసిరాను. అయినా నాకు లోపల అసంతృప్తిగానే ఉంది. ఆయన ఆపనూ లేదు, చేయనూ లేదు. ఊరుకున్నారంతే.

మంత్రిగారు వచ్చారు. ఎండలో కుప్పలు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. "అచ్చం హిమాలయాల్లా ఉన్నాయే," అని ముచ్చటపడ్డారు. ఏవీ ఆ సూక్ష్మజీవులని అడిగితే, జయరామయ్య గారు వినయంగా వంగి "లోపల పనిలో ఉన్నారండీ," అన్నారు. మంత్రిగారి ముందు పురుగులకు కూడా ఆయన బహువచనం వాడారు. ముందే పట్టి ఉంచిన నీలం నీళ్ల బకెట్లో ఓ కత్తి ముంచి తీస్తే అది రాగి రంగుకు తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మంత్రిగారు ప్రసంగించారు. ఈ జీవులు జీతం అడగవనీ, సమ్మె చేయవనీ, సెలవు చీటీ పెట్టవనీ, దేశంలోని కార్మికులందరూ వీటిని చూసి నేర్చుకోవాలనీ అన్నారు. అప్పటికి అవి లోపల చచ్చి పడి ఉన్నాయి. చివర్లో ఆయన ఇంకో పది కుప్పలకు మంజూరు ప్రకటించారు. స్థలం కూడా వేదిక మీదనుంచే వేలు పెట్టి చూపించారు. ఆ వేలు దొరువు వైపే ఉంది.

తర్వాత రోజుల్లో మడుగులోకి నీలం నీళ్లు దిగడం ఆగిపోయింది. జీవులన్నీ చనిపోయాయని, ఇందుకు కారణం సున్నమని మా ఆయన ఉన్నది ఉన్నట్టు డైరెక్టరు గారికి చెప్పేశారు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. సండేస్కూల్లో నేర్పిన నాలుగు ముక్కలూ అంత గట్టిగా పట్టుకున్నవాణ్ణి నేను ఇంకెవర్నీ చూడలేదు. జయరామయ్య గారేమీ కంగారు పడలేదట.

"ఆ సున్నం సంగతి ఫైల్లో పెట్టకు. తోడు ఉంటుంది గదా? కాస్త తోడు ఉంటే మళ్లీ పెంచవచ్చునని నువ్వే గదయ్యా చెప్పావు."

తోడు ఉంది. ఒకే ఒక్క సీసా. మొట్టమొదట కొండల్లో పాత గనిలో దిగి, నడుములోతు నీళ్లలో, చీకట్లో ఆయన పట్టి తెచ్చిన నీళ్లనుంచి, ఏళ్ల తరబడి రకరకాలుగా వేరుచేసి పెంచుకుంటూ వచ్చిన తోడు. ఆఫీసు రేకుల షెడ్డులో ఎండకు ఉడికిపోతుందని మా వంటింట్లో తడి ఇసకలో, నా పెరుగు ముంత పక్కనే పెట్టుకున్నారు. చిక్కటి టీ డికాషన్‌లా ఉండేది. పెరుగు తీసుకునేటప్పుడల్లా ఏది ఏదో రెండుసార్లు చూసుకునేదాన్ని.

"శనివారం నేనే వస్తా. నా చేతుల మీదుగా తీసుకెళ్లి కొత్త కుప్పలకు మొదలుపెట్టిస్తా. మీ ఆవిడను కాస్త చేపల పులుసు పెట్టి ఉంచమను," అని చెప్పి పంపారు డైరెక్టరు గారు.

ఆ వారమంతా మా ఇంట్లో ఆ సీసా గొడవే. పగలగొట్టి పారేయండి, పీడా పోతుంది అన్నాను. ఆయన సీసా చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, మళ్లీ ఇసకలో పెట్టేవారు. "ఇది పోతే మళ్లీ దొరకదు కరుణా. నన్ను మళ్లీ ఎవరు గనుల్లోకి పోనిస్తారు? ఎక్కడో కొండల్లో, సరైన చోట పెడితే ఎంత మేలు జరుగుతుందో నీకు తెలీదు." తెలియకేం, నాకు తెలుసు. నా అరచేతిలో ఆ ఎర్రపొడి పెట్టిన రోజు నేను మరచిపోలేదు. ఇచ్చేస్తే దొరువు శాశ్వతంగా పోతుంది. ఇవ్వకపోతే ఆయన బతుకంతా పట్టుకున్న పని పోతుంది.

శుక్రవారం కామమ్మ వచ్చి గడపలో చతికిలబడింది.

"ఇంకా పది కుప్పలంట గదా టీచరమ్మా. పాళెం ఎత్తేసి యాడికన్నా పోదామంటా ఉండారు మావోళ్లు. యాడికి పోతాం? సముద్రం యాడన్నా ఉంటాది, తాగే నీళ్లు ఉండొద్దా?"

మా ఆయన లోపలి గదిలో ఉన్నారు. విన్నారో లేదో తెలియదు, బయటికి రాలేదు.

శనివారం జయరామయ్య గారు జీపు దిగారు. వంజరం పులుసు, రొయ్యలు, వేడన్నం. నాకు ఇష్టం లేకపోయినా వంటకు చెడ్డపేరు రాకూడదు గదా, బాగానే చేశాను. పులుసులో కారం ఎక్కువైందేమో, ఆయన గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగారు. ఉత్తరపు దొరువు నుంచి కామమ్మ ఆ పొద్దున మోసుకొచ్చిన బిందె అది. "నీళ్లు భేషుగ్గా ఉన్నాయే! అనవసరంగా గోల చేశావయ్యా హెబ్రోనూ," అంటూ అడుగుదాకా తాగేశారు. చేతులు కడుక్కోవడానికి ఇంకో చెంబు అడిగారు.

తర్వాత వరండాలో కుర్చీలో వెనక్కి వాలి, వెండి బరిణె తీసి తాంబూలం పరిచారు. ఆకులు, వక్కలు, సున్నం.

"ఏదీ, ఆ సీసా పట్టుకురా మరి."

నేను కదల్లేదు. మా ఆయనే లోపలికి వెళ్లి, తడి ఇసకలోంచి సీసా తీసి, పంచె చెంగుతో తుడుచుకుంటూ వచ్చారు. ఎండకు పట్టి ఓసారి చూశారు. ఇచ్చేస్తున్నారనే అనుకున్నాను. మొగుడి మీద అంత అసహ్యం, అంత జాలి ఒకేసారి నాకు ఎప్పుడూ కలగలేదు.

"సార్, ఆ సున్నం ఇటిస్తారా?" అన్నారాయన.

"నువ్వు కూడా ఆకులు వేస్తావా? తీసుకో, తీసుకో," అని జయరామయ్య గారు బరిణె ముందుకు తోశారు.

మా ఆయన సీసా బిరడా తీశారు. బరిణెలోని సున్నమంతా వేలితో ఊడ్చి సీసాలోకి వేశారు. బరిణె అడుగు కూడా గీరి వేశారు. బిరడా బిగించి, సీసాను బాగా కుదిపారు. టీ డికాషన్‌లా ఉన్నది కాస్తా విరిగి, బురదలా మారి, మెల్లగా అడుగున కూర్చోవడం మొదలుపెట్టింది. ఆయన దాన్ని చివరిదాకా చూశారు. చెయ్యి వణకలేదు.

"ఏమిటయ్యా అది?" అన్నారు జయరామయ్య గారు.

"సున్నం సార్. ఇక దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు."

జయరామయ్య గారు తల పంకించారు. "మంచిపని చేశావు. దారిలో కుదుపులకు తట్టుకోవాలి గదా, సున్నం బలం."

ఆ సీసాను ఒళ్లో పెట్టుకుని, చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని జీపులో వెళ్లిపోయారు. తర్వాత దాన్ని కొత్త కుప్పల మీద కొబ్బరికాయ కొట్టి మరీ పోశారని విన్నాను. కుప్పలు పది పోశారు. ఒక్క బొట్టు నీలం నీళ్లు దిగలేదు. కానీ ఏటా ఎవరో ఒక పెద్దమనిషి తనిఖీకి వస్తూనే ఉన్నారు, ఏటా కుప్పలకు కొత్తగా సున్నం కొడుతూనే ఉన్నారు గనుక, ఎక్కడన్నా ఒకటీ అరా జీవి మిగిలి ఉంటే అది కూడా ప్రాణాలతో బయటపడే వీలు లేకపోయింది. జయరామయ్య గారికి ప్రమోషన్ వచ్చింది. మాకు ఆ జూన్‌లోనే బదిలీ అయింది. మా ఆయన మిగిలిన సర్వీసంతా సిమెంటు బస్తాల నాణ్యత చూశారు.

అదంతా తర్వాతి సంగతి. ఆ శనివారం జీపు దుమ్ము సద్దుమణిగాక, ఆయన మెట్టు మీద కూర్చున్నారు. వేలికి సున్నం అంటుకునే ఉంది. కడుగుదామని చెంబు ఎత్తితే చుక్క నీళ్లు లేవు. అంతే, అప్పటిదాకా బిగబట్టుకున్నది తెగిపోయింది. చెంబు ఒళ్లో పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను పక్కన కూర్చున్నాను.

బిందె తీసుకుపోదామని వచ్చిన కామమ్మ ఆ ఏడుపు చూసి నిలబడిపోయింది.

"ఏందమ్మా? సారు వాళ్లమ్మకేమన్నా అయిందా?"

"లేదక్కా. ఆయన పెంచుకున్నవి పోయాయి. అన్నీ. ఆయన చేత్తోనే చంపేశారు."

కామమ్మకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అంటే ఇంకా ఆ పది కుప్పలు?"

"ఉత్త రాళ్లే," అన్నారు మా ఆయన తల ఎత్తకుండా. "దొరువు మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు కామమ్మా. కార్తీకం వానలు బాగా పడనీ. ఇసక కడిగినట్టయ్యాక నీళ్లు చూసి తాగండి. అందాకా మోసుకోవాల్సిందే."

నేను ఆమె మొహం చూడలేకపోయాను. వాళ్ల పిల్లల చేత వాంతులు చేయించినవాటి కోసం, వాళ్ల ఎదుటే కూర్చుని ఏడుస్తున్నామన్న సిగ్గు నన్ను తినేసింది. ఏమన్నా అంటుందనుకున్నాను. అంటే పడాల్సినవాళ్లమే.

కామమ్మ బిందె పక్కన పెట్టింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చావు జరిగిన ఇంటికి వచ్చినట్టే మెట్టు కింద ఇసకలో కూర్చుంది. "ఎంత మురిపెంగా సాకినాడో పాపం. సాకినోడికే తెలస్తాది," అని మాత్రం అంది. పొద్దు వాలేదాకా అలాగే కూర్చుంది. నేను వంట చేద్దామని లేస్తే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. అలాంటి రోజు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదట. తానే పాళెంలోకి వెళ్లి, తన ఇంట్లో వండిన అన్నం, ఎండుచేపల కూర తెచ్చి మా ఇద్దరి ముందు పెట్టింది. ఆ అన్నం ఉత్తరపు దొరువు నీళ్లతో వండింది.